నాపరాళ్ల మధ్య నారింజ కళ్లు

ఇంటికొచ్చి రెండు రోజులైంది. బ్యాగులో బట్టలు ఉతుక్కి వెళ్లిపోయాయి గానీ, ఒక అగ్గిపెట్టె మాత్రం ఇంకా నా బల్ల మీదే ఉంది. అందులో బొటనవేలంత బూడిదరంగు ఉండ. "అది మన ఇంట్లో ఎందుకు?" అని మా ఆవిడ రోజుకు రెండుసార్లు అడుగుతోంది. ఆ ఉండ సంగతి చివర్లో చెప్తాను.

ఇదంతా మా అపార్ట్‌మెంట్ డక్ట్‌లో మొదలైంది. మాది కూకట్‌పల్లి. బాత్రూముల వెనక పైపులు దిగే సందులో దసరా నుంచి ఒక చావుపిట్టల జంట కాపురం పెట్టింది. మొహం హృదయాకారంలో తెల్లగా ఉంటుందే, ఆ గుడ్లగూబ. రాత్రిళ్లు గురక లాంటి చప్పుడు వస్తుంటే 302లో పెద్దాయనదే అనుకున్నాం, పాపం. పిల్లల అరుపని తర్వాత తెలిసింది. తెలిసిన రోజు నుంచి వాట్సాప్ గ్రూపులో గొడవ. అరిష్టమని కొందరు, కంపు అని కొందరు, అందరూ కలిసి వల కట్టించేద్దామని. నేను ఏ పక్షమూ మాట్లాడలేదు. నాకూ ఏమీ తెలియదు మరి.

సంక్రాంతి నాడు వెనక వేపచెట్టుకు ఒక గద్ద చైనా మాంజాకి చిక్కుకుని వేలాడింది. నిచ్చెన వేసి దించేసరికి ఒక రెక్క ఎముక దాకా తెగిపోయింది. ఆ దారం 2017 నుంచే నిషేధం. మా సందు చివర కొట్లో అడిగితే ఇస్తారు. ఆ రాత్రి నంద్యాలలో ఉన్న మా బావకు ఫోన్ చేశాను. "చచ్చే గద్దను చూసి ఏం లాభం, బతికేవి చూద్దువు రా," అన్నాడు.

జనవరి 22, నంద్యాల

పొద్దున బస్సు దిగగానే బావ ఇంటికి కాకుండా ఉగ్గాని బండి దగ్గరకు తీసుకెళ్లాడు. మరమరాలు నానబెట్టి, నీళ్లు పిండేసి, పుట్నాల పొడి కలిపి, పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై. హైదరాబాదులో ఇదే పేరుతో అమ్మేది తిని ఉగ్గాని తెలుసనుకునేవాళ్లు తమ అభిప్రాయం మార్చుకోవాలి.

బావది పురుగుమందుల కొట్టు. గద్దలు చూడ్డానికి వచ్చినవాణ్ణి మొదటి పూటంతా అక్కడే కూర్చోబెట్టాడు. శనగ కోతలకు వచ్చే కాలం, రైతులు ఎలుకల మందు కోసం వస్తూనే ఉన్నారు. రెండు రకాలు. ఒకటి జింక్ ఫాస్ఫైడ్, నల్లపొడి. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో పెడతారు. ఎలుక త్వరగా చస్తుంది. రెండోది బ్రోమడయోలోన్, బిళ్లలుగా వస్తుంది. ఇది తిన్న ఎలుకకు రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది. చావడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో తూలుతూ, పరుగెత్తలేక బయట తిరుగుతుంటుంది.

"మరి దాన్ని గుడ్లగూబ పట్టుకుంటే?" అన్నాను.

బావ బిల్లు రాస్తున్నవాడు తలెత్తాడు. "పట్టుకుంటాది. తేలిగ్గా దొరికేదాన్ని ఎవరు వదులుతారు?" అని మళ్లీ రాసుకున్నాడు.

జనవరి 23, రోళ్లపాడు

మ్యాపు చెప్పినట్టు వెళ్లి, మిడుతూరు దాటాక కాలువ గట్టు మీదికి ఎక్కేశాం. రెండు కిలోమీటర్లు పోయాక గట్టు సన్నబడి, కారు తిప్పే చోటు కూడా లేకుండా పోయింది. కందికట్టెలు మోస్తున్న ఒకాయన నిలబడి, మా అవస్థంతా తీరిగ్గా చూసి, "ఆ దారి యాడికీ పోదు సార్," అన్నాడు. వెనక్కి వెనక్కి నడిపించి గట్టు దిగేదాకా తోడొచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఒక ఎద్దుల బండి మాత్రం మా వల్ల పావుగంట ఆగింది. తోలేవాడు మమ్మల్నేమీ అనలేదు. ఎద్దుల్ని తిట్టాడు.

రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పక్షి కోసం పెట్టింది. 6.14 చదరపు కిలోమీటర్లు, అంతే. అడవి అనుకుని వెళ్తే నిరాశే. మోకాలెత్తు ఎండుగడ్డి, ఆ చివర శనగ చేలు. బోర్డు మీద బట్టమేక బొమ్మ ఉంది, పక్షి లేదు. చుట్టూ కాలువ నీళ్లొచ్చాయి, మెట్ట చేలు పత్తికీ వరికీ మారాయి, గడ్డి బయళ్లు తగ్గిపోయాయి. ఎవర్ని తప్పుపడతాం? నీళ్లొస్తే రైతు వద్దంటాడా? కృష్ణజింకలు మాత్రం బాగా పెరిగాయి. పైరు మేస్తున్నాయని ఊళ్లవాళ్లకు వాటి మీద కోపం. ఆ కోపంలో పక్షులకూ వాటా పడుతుంది.

మనకు తెలుగులో అన్నీ గద్దలే. డేగ, సాళువ, రాజాళి అని పేర్లున్నా నోట్లో తిరిగేది గద్ద ఒక్కటే. ఇక్కడి వాచర్ ఆ అలవాటు మాన్పించాడు. మొదట చూపించింది పాముల గద్ద. పెద్ద తల, పసుపు కళ్లు, కింద నుంచి చూస్తే తెల్లటి ఒళ్లు. గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ, తల మాత్రం మేకు కొట్టినట్టు కదలకుండా నిలబడింది. కాళ్లు కిందికి జారవిడిచి, మెట్లు దిగినట్టు అంచెలంచెలుగా దిగి, గడ్డిలో పడింది. లేచినప్పుడు కాళ్లలో ఏదో మెలిక తిరుగుతోంది. పామును తల వైపు నుంచి మింగుతుందట. గూటికి వచ్చేసరికి తోక నోట్లోంచి వేలాడుతుంటుంది. పిల్ల ఆ తోక పట్టుకుని, తండ్రి గొంతులోంచి పామును బయటకు లాగి తింటుంది. ఏడాదికి ఒకటే గుడ్డు. ఆ గుడ్డు పోతే ఆ ఏడాది పోయినట్టే.

"విషం ఎక్కదా అన్నా?" అని అడిగాను.

"కాటు పడితే ఎందుకెక్కదు సార్? కాళ్లకు మందంగా పొలుసులుంటాయి. పైగా అది కాటు వేయనిస్తే గదా," అన్నాడు వాచర్.

మధ్యాహ్నం అతని డబ్బాలోంచే తిన్నాం. జొన్నరొట్టె, శెనక్కాయల కారం, ఉల్లిగడ్డ. మేం తెచ్చుకున్న బిర్యానీ పొట్లం అతను మొహమాటానికి రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు.

సాయంత్రం కోసమే అసలు రావాలి ఇక్కడికి. అయిదున్నర నుంచి పిల్లిగద్దలు దిగడం మొదలైంది. ఇంగ్లీషులో హారియర్ అంటారు. సన్నటి పొడుగు రెక్కలు, మగవి బూడిద రంగు, ఆడవి గోధుమ రంగు. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి చలికాలానికి ఇంత దూరం వచ్చి, చెట్టు మీద కాకుండా నేల మీద, గడ్డిలో పడుకుంటాయి. తినేవి ఎక్కువగా మిడతలు. ఊరి పేరు మిడుతూరు ఎందుకైందో గానీ, వాటికి మాత్రం సరిగ్గా సరిపోయింది. పదిహేడు లెక్కపెట్టాను. వాచర్ పెదవి విరిచాడు. వాళ్ల నాన్న చిన్నప్పుడు లెక్కపెట్టే పనే ఉండేది కాదట, అన్ని దిగేవట. పత్తికి కొట్టే మందుకు మిడత చస్తే వీటికి తిండేదీ?

చీకటి పడబోతుండగా ఆ గడ్డిలోంచే ఇంకోటి లేచింది. గద్దలాగే ఎగిరింది, కానీ మొహం గుండ్రంగా ఉంది. పొట్టిచెవుల గుడ్లగూబ. ఇదీ వలస పక్షే, ఇదీ నేల మీదే ఉంటుంది, ఇంకా వెలుతురుండగానే వేటకు బయల్దేరుతుంది. ఒకే గడ్డిలోకి గద్దలు పడుకోవడానికి దిగుతుంటే, అందులోంచి గుడ్లగూబ నిద్ర లేచి పనికి పోతోంది. షిఫ్టు మారినట్టే.

వచ్చేదారిలో బావ ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కారు ఆపాడు. కింద ఎండిపోయిన రెక్క ఒకటి, చెప్పు అంత పొడవు ఈకలతో. చిన్న పిట్టకు తీగ మీద కూర్చుంటే ఏమీ కాదు. పెద్ద గద్ద ఎగిరేటప్పుడు రెండు రెక్కలూ రెండు తీగలకు తగులుతాయి. బయలు సీమలో కూర్చోవడానికి చెట్టు లేక స్తంభాలే ఎక్కుతాయి మరి.

జనవరి 24, బైర్లూటి

ఆత్మకూరులో దోసె తిని నల్లమలలోకి. ఆత్మకూరు పొడవునా నన్నారి షర్బత్ బోర్డులే. గ్లాసు ఇరవై. బావ మూడు తాగాడు.

మాతో వచ్చిన చెంచు కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి. చాలా తక్కువ మాట్లాడాడు. నేను ఎక్కువ మాట్లాడుతున్నానని అర్థమయ్యేంత తక్కువ. జీపు శబ్దం ఆగాక అతను వేలెత్తి చూపేదాకా నాకు నల్లమద్ది చెట్టు కొమ్మ మీది జుట్టు పాములగద్ద కనిపించనే లేదు. ముదురు గోధుమ రంగు ఒళ్లంతా తెల్ల చుక్కలు, కళ్ల దగ్గర పసుపుపచ్చటి చర్మం. రోళ్లపాడు గద్ద గాల్లో నిలబడి వెతికితే, ఇది కొమ్మ మీద కూర్చుని గంటలు గంటలు కిందికే చూస్తుంది. విసుగు లేదు. ఎగిరినప్పుడు ఈల వేసింది, ఒక పొడుగు ఈల, వెనకే రెండు పొట్టివి. ఆ ఈల విని అడవి కోళ్లు గప్‌చుప్.

అసలు ముచ్చట చీకటి పడ్డాక వాగు దగ్గర. నీళ్లు ఒక మడుగుగా నిలిచిన చోట బండ మీద మోడులా ఏదో ఉంది. కుర్రాడు టార్చి దాని మీద వేయలేదు, పక్కన ఇసుక మీద వేశాడు. ఆ వెలుగులోనే చూడాలట, కళ్లలోకి కొడితే పాపం చాలాసేపు గుడ్డిదైపోతుందని. చేపల గుడ్లగూబ. చాలా గుడ్లగూబలకు కాళ్లకు మేజోళ్లలా ఈకలుంటాయి, దీనికి కాళ్లు బోడివి. నీళ్లలో ముంచే కాళ్లకు ఈకలుంటే తడిసి బరువెక్కవూ? అరికాళ్లకు ఆకురాయిలా గరుకు ముళ్లుంటాయి, చేప జారిపోకుండా. అది ఎగిరి నీటి అంచున వాలినప్పుడు రెక్కల చప్పుడు మాకు వినిపించింది. ఎలుకను పట్టే గుడ్లగూబ ఎగిరితే వినపడదు, ఈక అంచులు కుచ్చులా మెత్తగా ఉండి గాలిని కోసే శబ్దం రానివ్వవు. నీళ్లలో చేపకు రెక్కల చప్పుడు వినపడదు కదా, దీనికి ఆ హంగు అక్కర్లేకపోయింది.

ఎండ్రకాయ దొరికింది దానికి. నమిలే చప్పుడు మాకు వినిపించింది. బావ నా చెవిలో, "మీ అక్క అప్పడాలు తిన్నట్టే ఉంది," అన్నాడు. ఈ వాక్యం మా అక్క చదవకూడదు.

కుర్రాణ్ణి అడిగాను, మీవాళ్లు గుడ్లగూబ అరిస్తే భయపడతారా అని. కాసేపు ఆలోచించాడు. "అరిస్తే ఉన్నట్టు సార్. అరవకపోతే ఏందో అయినట్టు." అంతే అన్నాడు. దీపావళికి ముందు మాత్రం పట్టణాల నుంచి కొత్త మనుషులు వచ్చి గుడ్లగూబలు దొరుకుతాయా అని అడుగుతారట, క్షుద్రపూజలకు. గుడ్లగూబను పట్టినా అమ్మినా 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే. అయినా అడుగుతూనే ఉంటారట.

జనవరి 25, అహోబిలం

ఇది బావ మొక్కు, నాది కాదు. గరుత్మంతుడు నరసింహస్వామి దర్శనం కోసం తపస్సు చేసిన కొండ కాబట్టి గరుడాద్రి అంటారు. ఎగువ అహోబిలంలో మెట్ల దగ్గర నిలబడితే తెల్ల తల, ఇటుక రంగు రెక్కల గరుడ పక్షి ఒకటి కొండ మీదుగా తేలింది. ఒక్కసారిగా క్యూలో అందరూ చేతులెత్తారు. ఒక ముసలమ్మ లెంపలేసుకుంది. నా వెనక ఉన్నాయన పిల్లాణ్ణి భుజాన ఎత్తుకుని చూపించాడు. అదే పిల్లాడు రేపు గుడ్లగూబ కనపడితే రాయి తీస్తాడేమో. ఆ గరుడ పక్షి చెరువు గట్టున చచ్చిన చేపను కూడా వదలదు, గుడ్లగూబ ఇంట్లో పందికొక్కును ఏరుకుపోతుంది. మర్యాద మాత్రం గరుడ పక్షికే.

దిగువన రాగిసంగటి, నాటుకోడి పులుసు దొరికే చోటు ఎక్కడని అడిగితే, "కొండ దిగినంక అడుగు నాయనా," అని మందలించారు. నిజమే, అడగకూడని చోట అడిగాను.

జనవరి 26, బేతంచెర్ల వైపు, యాగంటి

ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ పది కెమెరాలుంటాయి. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్లు తీసి వదిలేసిన గనులు చాలా ఉన్నాయి. అందులో ఒకదానికి బావ దగ్గర మందులు కొనే ఒక రైతు మమ్మల్ని తీసుకెళ్లాడు. "మా గుడ్లగూబ," అన్నాడు, మా గేదె అన్నట్టు.

గని అంచున బోర్లా పడుకుని చూడమన్నాడు. పొరలు పొరలుగా కోసిన రాయి, ఒక అరలో తుమ్మచెట్టు నీడ. అయిదు నిమిషాలు రాయినే చూస్తున్నాను. అప్పుడు ఆ రాయి కళ్లు తెరిచింది. ముదురు నారింజ రంగు. తల మీద కొమ్ముల్లా లేచిన రెండు ఈకల కుచ్చులు. ఒళ్లంతా నాపరాయి మీద ఎండుటాకు మరకల్లా ఉంది. అరలో, గూడు గీడు ఏమీ లేకుండా ఉత్త మట్టి మీద, మురికి దూదిలాంటి పిల్లలు రెండు. తల్లి మమ్మల్ని చూస్తూ కళ్లు సగం మూసింది. రైతు నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఎక్కువసేపుంటే అది లేచిపోతుంది, ఎండకు పిల్లలు మాడతాయి, కాకులు దిగుతాయి.

ఆయన చేలో శనగ. మధ్యమధ్య టీ ఆకారంలో కర్రలు పాతాడు. వ్యవసాయం వాళ్లు వీటినే పక్షి స్థావరాలు అంటారు. పగలు పాలపిట్టలూ ఏట్రింతలూ వాటి మీద కూర్చుని శనగపచ్చ పురుగును తింటాయి. "రాత్రిపూట పైడికంటెలు, ఆ చిన్న గుడ్లగూబలు, కూచుంటాయి, ఇది కూడా వస్తాది. నేను మందు పెట్టి నాలుగేండ్లాయె," అన్నాడు. బావ ఇటు మాట్లాడలేదు, అటు మాట్లాడలేదు. గనిని మళ్లీ లీజుకిస్తే ఏమవుతుందని అడిగాను. "తూటాలు పేలిస్తే ఇంకేముంటాది సార్," అన్నాడు రైతు.

ఆ గని అడుగున దొరికాయి ఉండలు. గుడ్లగూబ ఎలుకను ఇంచుమించు అలాగే మింగేసి, అరగని ఎముకల్నీ బొచ్చునూ ముద్దచేసి కక్కేస్తుంది. గద్దలూ కక్కుతాయి గానీ వాటి కడుపులో ఎముకలు చాలావరకు కరిగిపోతాయి, కాబట్టి ఏం తిందో చెప్పడం కష్టం. గుడ్లగూబ మాత్రం లెక్క అప్పజెబుతుంది.

కారు బానెట్ మీద పేపర్ పరిచి, ఒక ఉండను నీళ్లలో తడిపి, పంటిపుల్లతో విప్పాం. ముందు బూడిదరంగు బొచ్చు, తడి కంబళిలా. తర్వాత సూదుల్లాంటి పక్కటెముకలు. ఒక పుర్రె, గోరంత పల్చన, వెలుతురుకు పట్టుకుంటే అవతలి వైపు కనపడింది. ఇంకో పుర్రె. రెండు దవడలు, పళ్లు నారింజ రంగువి. ఎలుక కొరుకుడు పళ్లు అలాగే ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది. మూడో పుర్రె సగమే దొరికింది. బావ వాటిని వరసగా పేర్చాడు. ముప్పై ఏళ్లుగా ఎలుకల మందు అమ్మినవాడు, ఎలుకను ఇంత దగ్గరగా చూడ్డం ఇదే మొదటిసారి అన్నాడు.

"ఒక ఉండకు మూడు," అని కాసేపాగి, "ఇవి మందు తిన్నవో కాదో దీన్ని బట్టి తెలుస్తాదా?" అన్నాడు.

తెలియదన్నాను.

విప్పకుండా మిగిలిన ఉండను రైతు ఇచ్చిన అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను.

యాగంటికి మధ్యాహ్నం చేరాం. అగస్త్యుడి శాపం వల్ల అక్కడ కాకులుండవంటారు, నిజంగానే ఒక్కటీ కనపడలేదు. కొండ అంచు మీద మాత్రం ఒక జత గద్దలు గాలి మీద వాలి తిరిగాయి, పొట్ట తెల్లన, తోక చివర నల్లపట్టీ. కుందేలు సాళువ అని పాత పేరు. కుందేళ్లను, కౌజులను కొడుతుంది. కోనేటి మెట్ల మీద పులిహోర తింటూ మెడ నొప్పెట్టేదాకా చూశాం.

రాత్రి బస్సుకు ముందు గంటసేపు మళ్లీ కొట్లో. ఒక రైతు వచ్చి బ్రోమడయోలోన్ బిళ్లలు అడిగాడు. బావ బీరువా దగ్గరకు వెళ్లి, అక్కడే నిలబడి, "చేలో పక్షి స్థావరాలు పెట్టినావా?" అని అడిగాడు.

"కర్రలదేముందిలేప్పా, నేను పాతుకుంటా. ముందు మందియ్యి," అన్నాడాయన.

ఇచ్చాడు. చిల్లర లెక్కపెడుతూ, "చచ్చిన ఎలుకల్ని బయట పారేయాకు, గుంత తీసి పూడ్చు," అని రెండుసార్లు చెప్పాడు. రైతు వినిపించుకున్నట్టు లేదు.

కూకట్‌పల్లి

డక్ట్ అడుగున ఊడ్చే వాచ్‌మన్‌ను నిన్న అడిగాను, నల్లగా ఉండలేమైనా పడుతుంటాయా అని. "రోజూ పడతాయి సార్, పిల్లి పెంటనుకుని పారేస్తున్నా," అన్నాడు. పారేయొద్దన్నాను. ఇవాళ పొద్దున పాత పెరుగు డబ్బాలో మూడు తెచ్చిచ్చాడు. అవీ ఇప్పుడు నా బల్ల మీదే ఉన్నాయి. మా ఆవిడ ఈసారి ఏమీ అడగలేదు, డబ్బాకు మూత మాత్రం పెట్టింది.

ఆదివారం అసోసియేషన్ మీటింగు. వల సంగతి ఎజెండాలో రెండోది, మొదటిది సెల్లార్‌లో పందికొక్కులు కారు వైర్లు కొరికేస్తున్నాయని. పంటిపుల్లలూ పాత పేపరూ తీసుకుని వెళ్తున్నాను.